టొరాయిడా, ఈఐ కోరా? మా దిక్కు కరెంటుకు ఏది మేలు

ఈ నెలలనే నలుగురు అడిగిన్రు, "అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్తున్న, టొరాయిడ్ తీసుకోమంటవా, పాత ఈఐ స్టాంపింగే మంచిదా" అని. టొరాయిడ్ అంటే గారె లెక్క గుండ్రగ ఉండే ఇనుప కోర్, ఈఐ అంటే E, I ఆకారం ఇనుప రేకులు (స్టాంపింగ్‌లు) పేర్చి చేసే కోర్, వైరు చుట్టేది వీటి మీదనే. ఒకరికి ట్రాక్టర్ బ్యాటరీల చార్జర్‌కి కావాలె, ఇంకొకరికి భజన మండలి ఆంప్లిఫయర్‌కి, ప్రశ్న మాత్రం ఒక్కటే. ఫ్లక్స్ అంటే కోర్‌ల తిరిగే అయస్కాంత ప్రవాహం, రిలక్టెన్స్ అంటే దాని దారిల వచ్చే అడ్డు, ఈ రెండు గుర్తుపెట్టుకుంటే చాలు.

కాగితం మీద చూస్తే టొరాయిడే గెలుస్తది, అందుల అనుమానం లేదు. సిలికాన్ స్టీల్ పట్టీని గడియారం స్ప్రింగు లెక్క చుట్టి చేస్తరు కాబట్టి ఫ్లక్స్ పోయే దారి అంతా గ్రెయిన్ (స్టీల్ రేకుల ఫ్లక్స్ సులువుగ పోయే దిక్కు) వెంబడే ఉంటది, మధ్యల ఎక్కడా అతుకు ఉండదు. వైరు కోర్ చుట్టూ నిండా పరుచుకుంటది, బయటికి ఫ్లక్స్ లీకేజి తక్కువ, బరువు తక్కువ, లోడ్ లేనప్పుడు గుంజే కరెంటు ఇంకా తక్కువ. ఈఐల ముక్కలు ముక్కలు పేర్చాలె, ఎంత ఒత్తి పేర్చినా అతుకు దగ్గర కొంచెం గాలి ఉండనే ఉంటది.

నా లెక్కల అసలు కథ అంతా ఆ కొంచెం గాలి దగ్గరనే ఉంది. కోర్‌ల ఫ్లక్స్ తిరిగే దారి 20 సెంటీమీటర్లు, ఇనుము పర్మియబిలిటీ (ఫ్లక్స్‌ని పోనిచ్చే గుణం) గాలికి 5000 రెట్లు అనుకోండి. 20 సెంటీమీటర్లని 5000తోటి భాగిస్తే 0.04 మిల్లీమీటర్లు వస్తది, అంటే మొత్తం ఇనుప దారి రిలక్టెన్స్ ఒక సన్నని వెంట్రుక మందం గాలితోటి సమానం. అతుకుల దగ్గర అంత సందు మిగిలితే చాలు, రిలక్టెన్స్ రెండింతలయితది. పుస్తకాలల్ల దీన్ని నష్టం కింద రాస్తరు, నిజమే, మాగ్నెటైజింగ్ కరెంటు (కోర్‌ల ఫ్లక్స్ పుట్టించేందుకు గుంజే కరెంటు) పెరుగుతది. కానీ అదే సందు వల్ల కరెంటు పోయినంక కోర్‌ల మిగిలే ఫ్లక్స్ తగ్గుతది. టొరాయిడ్‌ల సందు లేదు కాబట్టి పోయిన ఫ్లక్స్‌ల పెద్ద భాగం అట్లనే కూసుంటది, మళ్ల కరెంటు వచ్చేదాక.

మా దేవరకొండ దిక్కు కరెంటు పోవుడు, వచ్చుడు ఎట్లుంటదో మీకు తెల్సు. వచ్చే క్షణంల వోల్టేజి వేవ్ సున్నా దగ్గర ఉంటే ఫ్లక్స్ మామూలు పీక్‌కి దాదాపు రెట్టింపు దాక పోవాలని చూస్తది, దానికి పాత మిగులు కూడా తోడయితే కోర్ నిండిపోతది, ఇంక ఫ్లక్స్ పట్టదు, సిలికాన్ స్టీల్ ఏదైనా 2 టెస్లా (ఫ్లక్స్ ఎంత ఒత్తుగ ఉందో చెప్పే కొలత) దగ్గర చేతులెత్తేస్తది. అప్పుడు కరెంటును ఆపేది ఎక్కువగ ప్రైమరీ (లైనుకి కలిపే చుట్టు) వైరు రెసిస్టెన్సే.

ఇది కండ్లతోటి చూడాలంటే ప్రైమరీకి సిరీస్‌ల 100 వాట్ల పాత బల్బు పెట్టి స్విచ్ వేసి తీయండి. నేను మొన్న బల్ల మీద రెండు కోర్లు పక్కపక్కన పెట్టి చేసిన. టొరాయిడ్‌కి ఒకసారి బల్బు భగ్గుమని వెలిగి ఆరిపోయింది, ఇంకోసారి అస్సలు వెలగలేదు, మూడోసారి మళ్ల భగ్గుమంది, వేవ్‌ల ఏ చోట స్విచ్ పడ్డదో దాన్ని బట్టే ఈ తేడా. ఈఐకి కూడా మెరుపు వచ్చింది, కానీ అంత గట్టిగ రాలేదు. ఎంసీబీ (కరెంటు ఎక్కువయితే దానంతటదే పడిపోయే స్విచ్) ఊకె పడిపోతుందని వచ్చే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఇదే ఉంటది.

రెండోది రాత్రి వోల్టేజి. పగలు బోరు మోటర్లు నడిచేటప్పుడు 170 వోల్టులకి పడిపోయే లైను, అందరు మోటర్లు బంద్ చేసినంక 270 దాక లేస్తది. టొరాయిడ్ చిన్నగ, తేలికగ రావాలని చుట్టేటోళ్లు 1.6 టెస్లా దాక లాగుతరు. 230కి 1.6 అయితే 270కి 1.88, గోడకి ఆనుకున్నట్టే. ఈఐని మేము 1.2 దగ్గర చుడతం, 270కి కూడా 1.41 దాటదు. అడ్డకోత 10 చదరపు సెంటీమీటర్లు ఉండే కోర్‌కి 1.6 అయితే దాదాపు 650 చుట్లు చాలు, 1.2కి దించాలంటే 865 కావాలె, ఖర్చు ఆ అదనపు రాగి దగ్గర పడతది. టొరాయిడ్‌ని కూడా తక్కువ టెస్లాకి చుట్టించుకోవచ్చు, అడిగితే చేస్తరు, మనోళ్లు అడగరు.

సందు లేని కోర్‌కి డీసీ (ఒక్క దిక్కే పోయే కరెంటు) అంటే అస్సలు పడదు. ఇంట్ల ఎవరన్న డయోడ్ పెట్టి సగం వేవ్ మీద హీటర్ నడిపితే లైన్ల చిన్న డీసీ వస్తది, అంత చిన్నదానికే టొరాయిడ్ గుయ్యిమని మోగుతది. ఈఐ ఆ మాత్రం డీసీని ఓర్చుకుంటది. చోక్ అంటే కరెంటు ఎగుడుదిగుళ్లు ఆపే కాయిల్, దాంట్ల డీసీ ఎట్లాగు పోతది కాబట్టి స్టాంపింగ్‌లు అన్నీ ఒక్క దిక్కే పేర్చి మధ్యల కాగితం పెట్టి సందు కావాలనే ఇస్తం.

రిపేరు సంగతి మీకు తెల్సిందే, ఈఐ బాబిన్ (వైరు చుట్టే గూడు) మెషిన్ మీద ఒక గంటలనే చుట్టేయొచ్చు, టొరాయిడ్‌కి ప్రతి చుట్టూ వైరు బొక్కల నుంచి దూర్చాలె. ఒక తమ్ముడు టొరాయిడ్ మధ్య బోల్టుని కింద ఇనుప డబ్బాకి, పైన డబ్బా మూతకి రెండు దిక్కుల గట్టిగ బిగించిండు. బోల్టు, డబ్బా కలిసి కోర్ చుట్టూ ఒక షార్ట్ చుట్టు అయింది, ఆన్ చేయంగనే ఫ్యూజు ఎగిరింది. బోల్టుకి పై కొన ఎప్పుడూ ఖాళీగ ఉండాలె, ఇది మాత్రం మర్చిపోకండి.

సీ-కోర్ (చుట్టిన పట్టీని రెండు C ముక్కలుగ కోసింది) మంచిదే, మన దగ్గర దొరకుడు కష్టం. ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడ్‌తోటి చేసే పింగాణి లాంటి కోర్) 0.4 టెస్లా చుట్టుపక్కలనే నిండిపోతది, ఎస్ఎంపీఎస్‌కే (ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచే పవర్ సప్లై) తప్ప మన లైను 50 హెర్ట్జ్‌కి ఆలోచించకండి. సర్వో స్టెబిలైజర్‌ల వోల్టేజి సరిచేసేందుకు చుట్ల మీద కార్బన్ బ్రష్ జరగాలె కాబట్టి అందుల టొరాయిడే, అక్కడ ఎంచుకునేది ఏం లేదు.

చార్జర్‌కి, ఊర్ల ఉండే ఏ సెట్టుకైనా నేను ఈఐనే చెప్తా, వార్నిష్ బాగ పట్టించి, స్టాంపింగ్ ఒక్కొక్కటి అటొకటి ఇటొకటి మార్చి పేర్చమనండి, లేకుంటే అదీ మోగుతది. ఆంప్లిఫయర్‌ల హమ్ (బయటికి లీకయిన ఫ్లక్స్ వల్ల స్పీకర్‌ల వచ్చే గుయ్యి చప్పుడు) అస్సలు వద్దనుకుంటే టొరాయిడ్ తీసుకోండి, కానీ ప్రైమరీ 270కి లెక్కగట్టి చుట్టమని ముందే చెప్పండి, ఆన్ చేసినప్పుడు ఒక రెసిస్టర్ గుండా పోయి కొద్దిసేపటికి రిలే దాన్ని బైపాస్ చేసేటట్టు సాఫ్ట్ స్టార్ట్ పెట్టించుకోండి. భజన మండలి వాళ్లకి ఇదే చెప్పిన, వాళ్లు లెక్క చూసుకొని ఈఐకే ఆర్డర్ ఇచ్చిన్రు.