సిక్స్ డే లండన్ (2015–2019): ఆట బంగారం, లెక్కే గజిబిజి

రేటింగ్: 5కి 3.5

లండన్‌లో ఆరు రోజులపాటు సాగే ట్రాక్ సైకిల్ పందేల పండుగ ఇది. 2015 అక్టోబరులో మొదలై 2019 అక్టోబరుతో ఆగిపోయింది. ఐదంటే ఐదు సార్లు. 2020లో కోవిడ్ అడ్డుపడింది, ఆ తర్వాత మళ్లీ పెట్టలేదు. విచిత్రమేమంటే ఆరు రోజుల సైకిల్ పందెం పుట్టిందే లండన్‌లో, 1878లో, ఇస్లింగ్టన్ అగ్రికల్చరల్ హాల్‌లో. 1980లో వెంబ్లీలో ఆగాక 35 ఏళ్లు ఆ ఊసే లేదు.

వేదిక లీ వ్యాలీ వెలోపార్క్. 250 మీటర్ల చెక్క ట్రాక్, మలుపుల్లో 42 డిగ్రీల వాలు. వేదికకు వంక పెట్టలేం.

డబ్బులు గిట్టేది మ్యాడిసన్ అనే జంటల పందెం చూస్తేనే. ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒకరు పందెంలో ఉంటే రెండోవారు ట్రాక్ పైఅంచున నెమ్మదిగా తిరుగుతూ ఊపిరి తీసుకుంటారు. జోడీ దగ్గరికి రాగానే కిందికి దిగి చెయ్యి అందించాలి. వేగంలో ఉన్నవాడు ఆ చెయ్యి పట్టి ముందుకు విసిరేస్తాడు. సైకిళ్లకు బ్రేకులుండవు, గేరు ఒక్కటే, పెడల్ ఆపడం కుదరదు. చెయ్యి తప్పిందా, అలసిపోయినవాడే ఇంకో చుట్టు లాగాలి. ఆ చుట్టులోనే గుంపు జారిపోతుంది. చక్రం చక్రానికి తగిలితే వెనకున్న నలుగురైదుగురు కూడా చెక్క మీదే.

డెర్నీ రేసు ఇంకో సరదా. డెర్నీ అనే చిన్న మోటారు బండి మీద నిటారుగా కూర్చున్న మనిషి గాలికి అడ్డు కాస్తుంటే సైకిలిస్టు అతని వెనకే అంటిపెట్టుకుని తొక్కుతాడు. పెంచమంటే 'అలే', తగ్గించమంటే 'హో' అని అరుపు.

తేడా కొట్టేది స్కోరు దగ్గర. ముందు చూసేది ఎవరు ఎన్ని చుట్లు ముందున్నారని. చుట్లు సమానమైతేనే పందేల్లో కూడబెట్టిన పాయింట్లు. పైగా ప్రతి 100 పాయింట్లకు ఒక చుట్టు బోనస్. చుట్లకే మొదటి పీట కాబట్టి పాయింట్ల పట్టికలో వెనకున్న జట్టు ఒక్క చుట్టు ఎక్కువ కొట్టి పైకి ఎగబాకుతుంది. ఇది ముందే తెలియని ప్రేక్షకుడికి చివరి రాత్రి అర్థమే కాదు. 2016లో బ్రిటన్ స్టార్ సైకిలిస్టులు విగిన్స్, కావెండిష్ కోసం హాలంతా ఎదురుచూస్తే, గెలిచింది బెల్జియం జంట డి కెటెలె, డి పావ్. వాళ్లకది వరుసగా రెండో ఏడు.

సీటు సంగతి: ముగింపు గీత పక్కన స్ప్రింట్లు, అంటే గీత కోసం చివరి దూకుడు, బాగా కనిపిస్తాయి. చేతుల మార్పిడి చూడాలంటే మలుపు పైవరుసే మేలు, ట్రాక్ మొత్తం కళ్ల ముందు ఉంటుంది. ట్రాక్ మధ్యలో భోజనాల బల్లల దగ్గర కూర్చుంటే మెడ తిప్పలేక చావాలి. అది విందుకొచ్చినవాళ్ల చోటు. డీజే పాటల హోరు కొందరికి ఊపు, పందెం కోసం వచ్చినవాళ్లకు తలనొప్పి.

సిక్స్ డే పేరుతో నడిచిన ఈ పందేల సిరీస్‌లోనే 2019 మార్చిలో మాంచెస్టర్‌లోనూ ఒకటి పెట్టారు. జరిగింది మూడు రోజులే, పేరు మాత్రం సిక్స్ డే! అర మార్కు అక్కడ కోసేశాం.