కూపర్ బ్లాక్: ముతక గుడ్డ మీద నిలబడిన అక్షరం

కూపర్ బ్లాక్ అనే ఇంగ్లిష్ ఫాంటు ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. లావుగా, గుండ్రంగా, డెబ్బైల నాటి పోస్టర్లను గుర్తుకు తెస్తుంది. ఎమ్మెస్ ఆఫీస్ వేసిన కంప్యూటర్లో చాలావరకు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. విజయనగరంలో స్క్రీన్ ప్రింటింగ్ చేసుకునే నాకు మాత్రం ఈ ఫాంటు మీద ఇంత ఇష్టం పెరగడానికి కారణం దాని కాళ్లు. అక్షరం గీతల చివర్లలో బయటికి పొడుచుకొచ్చే కొసలను సెరిఫ్‌లంటారు, మా షాపులో కాళ్లనే అంటాం. చాలా ఫాంట్లలో అవి చివరికొచ్చేసరికి సూదిగా తేలతాయి. ఇందులో మొద్దుగా, గుండ్రంగా ముగుస్తాయి. తెర మీద చూస్తే ఈ తేడా అంతగా పట్టదు. గుడ్డ మీద అచ్చు వేస్తే తెలుస్తుంది.

2022 చివర్లో 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులను నిషేధించాక మాకు గుడ్డ సంచుల ఆర్డర్లు పెరిగాయి. అలా వచ్చిన ఒక పెద్దాయనది పలాసలో జీడిపప్పు వ్యాపారం. వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో డిజైన్ చేయించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. బొడోనీ తరహా ఇంగ్లిష్ అక్షరాలు, నిలువు గీతలు లావు, అడ్డగీతలు వెంట్రుకంత. తెర మీద ఎంత బాగుందో చెప్పలేను. ఎందుకైనా మంచిదని ముందు ఒక్క సంచి మీద శాంపిల్ తీశాను. పెద్దాయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇదేటి బాబూ, పేరు సగం ఎగిరిపోనాది?" అన్నారు. నిజమే. నిలువు గీతలు పడ్డాయి, అడ్డగీతలు లేవు.

ఎందుకు పోయాయంటే, స్క్రీన్ అంటే దారాల అల్లిక. గీత మరీ సన్నగా ఉంటే ఆ దారాలే ఇంకుకు అడ్డుపడతాయి. కింద కోరా గుడ్డ కూడా నున్నగా ఉండదు, గుంటల్లో ఇంకు అందదు. పైగా వేసవిలో మా దగ్గర నీళ్లతో కలిపే వాటర్‌బేస్ ఇంకు ఆ అల్లికలోనే ఆరిపోతుంది, అప్పుడు ముందు మూసుకుపోయేవి సన్న గీతలే. మొనదేలిన మూలలదీ అదే గతి. ఇంకు దారం వెంట పాకి వాటిని మొద్దు చేసేస్తుంది.

అదే పేరు కూపర్ బ్లాక్‌లో పెట్టి ఇంకో స్క్రీన్ తయారు చేశాను. ఈ ఫాంటులో పోవడానికి సన్న గీత అంటూ లేదు, మొద్దుబారడానికి మొనా లేదు. ఇంకు కాస్త పాకినా అక్షరం ఆకారం మారదు. ‘ఎస్’ మెలిక నిండుగా పడింది. ‘ఓ’ లోపలి ఖాళీ ఈ ఫాంటులో కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది, ఆ ఒరుగు కూడా గుడ్డ మీద అలాగే దిగింది. ఆ ఆర్డర్‌లో చివరి సంచి దాకా అక్షరం విరగలేదు. పెద్దాయన వేలితో రుద్ది చూసుకుని, ఏమీ అనకుండా మిగతా డబ్బు ఇచ్చేశారు.

దీన్ని గీసిన ఆస్వాల్డ్ కూపర్ చికాగో మనిషి. 1922లో బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే ఫౌండ్రీ సీసపు అచ్చులుగా అమ్మింది. ఆ రోజుల లెటర్‌ప్రెస్‌లో కూడా ఒత్తిడికి ఇంకు అంచులు దాటేది. అచ్చులో ఏమవుతుందో తెలిసినవాడే ఇలాంటి కాళ్లు గీయగలడని నాకనిపిస్తుంది.

అయితే ఇదంతా పెద్ద సైజు మాట. అదే సంచి కింద ఆయన కాశీబుగ్గ అడ్రసు కూడా ఇందులోనే చిన్నగా పెట్టి చూస్తే, చిన్న ‘ఇ’ (e) కన్ను మూసుకుపోయింది, ‘ఏ’ (a) పొట్ట నిండిపోయింది. బయట ఇంత లావు ఉన్నప్పుడు లోపల చోటెక్కడిది? అప్పట్నుంచి అడ్రసుకు, ఫోన్ నంబరుకు కాళ్లు లేని మామూలు బోల్డ్ ఫాంటే వాడుతున్నాను. అక్షరాల మధ్య ఎడం కూడా కొంచెం పెంచాలి. డెబ్బైల పద్ధతిలో దగ్గరగా నొక్కితే గుడ్డ మీద ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ఇంకో లోటు రూపాయి గుర్తు. 2010లో వచ్చిన గుర్తు కాబట్టి నా దగ్గరున్న పాత ఫైల్లో అది లేదు. ధరల బోర్డు పెడితే ఆ ఒక్క గుర్తూ వేరే ఫాంటులోంచి వచ్చి బక్కగా నిలబడుతుంది. చివరికి పెద్ద ‘ఆర్’ను కర్వ్స్ చేసి, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా మార్చి, నిలువు గీత తీసేసి, పైన రెండు అడ్డగీతలు వేసి, వాటి చివర్లు గుండ్రం చేసి నేనే ఒకటి తయారు చేసుకున్నాను. ఆఫీస్ లేని సిస్టమ్‌కు ఫైలు పంపేటప్పుడు కూడా కర్వ్స్ తప్పనిసరి. ఒక ఫ్లెక్స్ ప్రెస్‌లో తెరిస్తే ఫాంటు లేదని ఏరియల్ వేసేసి, బ్యానరంతా అలాగే కొట్టి పంపారు.

తెలుగు పక్కన ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. మన అక్షరాలే గుండ్రం కనుక బాగా కలుస్తుంది, బరువు సరిపోతే చాలు. మన వైపు మనుషులన్న అభిమానంతో గురజాడ, గిడుగు పేర్లతో ఉన్న ఫాంట్లే ముందు పెట్టి చూశాను. అవి దీని పక్కన తేలిపోయాయి. రామభద్ర సరిగ్గా సరిపోయింది. కాకపోతే ఒత్తులున్న పేర్లయితే కింద చోటు బాగా వదలాలి, లేకపోతే తర్వాతి లైనుకు తగులుతాయి.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకు దీన్ని వాడను, ఎవరడిగినా ఒప్పుకోను. ఇందులో ఏ మాట రాసినా నవ్వుతున్నట్టే ఉంటుంది. శుభలేఖల మీదా నాకు పూర్తిగా నచ్చలేదు. మెరూన్ కార్డు మీద బంగారు ఇంకుతో వేస్తే స్వీట్ల డబ్బాలా కనిపించింది, అయినా ఆ పెళ్లివారికి నచ్చింది. నా పనిలో ఎక్కువ భాగం గుడ్డ సంచులు, మిఠాయి డబ్బాలు, కాలేజి టీషర్టులు, అందుకే నాకింత ఉపయోగపడుతోంది. మీది లేజర్ ప్రింటు పనో, ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్ పనో అయితే సన్న గీతలు కూడా చక్కగా పడతాయి, దీని కోసం వెతుక్కోవాల్సిన పని ఉండకపోవచ్చు.