లేపాక్షిలో పిల్లలకి పని దొరుకుతుందా?

పిల్లలతో లేపాక్షి వెళ్దామనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, అక్కడ వాళ్ల కోసం ప్రత్యేకంగా వర్క్‌షాపులూ అవీ మాకేం కనపడలేదు. చేయించేదేదో మనమే చేయించాలి. మా పాపకి ఎనిమిదేళ్లు, మా అన్నయ్య కొడుక్కి పదకొండు. ఇద్దరికీ చెరో గళ్ల నోట్‌బుక్కు, పెన్సిలు, కొలతల టేపు ఇచ్చి వదిలేశాం. అక్కడి వీరభద్రస్వామి గుడి చూపించమని గైడ్‌ని కూడా మాట్లాడుకున్నాం కానీ నిజం చెప్పాలంటే ఆ టేపే ఎక్కువ పనికొచ్చింది.

అందరూ పరిగెత్తేది వేలాడే స్తంభం దగ్గరికే. గైడ్లు ఓ పక్క నుంచి కండువా దూర్చి ఇంకో పక్క నుంచి లాగి, ఫొటో తీయించి, పదండి పదండి అంటారు. వెనక జనం కాచుకుని ఉంటారు కాబట్టి వాళ్లనీ ఏమనలేం. మేం జనం పలచబడ్డాక మళ్లీ వెళ్లాం. మావాడు కాగితం మడిచి స్తంభం చుట్టూ తోసుకుంటూ వచ్చి, "అత్తా, ఈ మూల కాగితం ఆగిపోతోంది" అన్నాడు. నిజమే, ఆ స్తంభం పూర్తిగా గాల్లో లేదు, ఒక మూల నేలకి ఆనుకునే ఉంది. ఎక్కడ దూరుతోంది, ఎక్కడ ఆగుతోంది అని పుస్తకంలో చదరం గీసి గుర్తులు పెట్టుకున్నాడు, ఇక అక్కణ్నుంచి మరి పైకప్పు బరువు ఎవరు మోస్తున్నారు, పక్క స్తంభాలా, దూలాలా అని ప్రశ్నలే ప్రశ్నలు. బ్రిటిష్ ఇంజినీరు దాన్ని కదిలించబోయాడన్న కథ విన్నప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

పాపకి నచ్చింది లతా మండపం. ఆ స్తంభాల మీది లతలూ, హంసలూ చీర అంచుల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. గళ్ల కాగితం మీద ఒక్క డిజైన్ ఎక్కించడానికే దానికి గంట పట్టింది, మేం తొందరపెట్టలేదు. కాగితం ఆనించి పైన క్రేయాన్ రుద్దే పని మాత్రం చేయించకండి, రాయి పాడవుతుంది. ఒకే ఒంటికి మూడు తలలున్న ఎద్దు బొమ్మ కూడా ఒకటుంది. కాస్త దూరంగా నిలబడి రెండు తలల్ని అరచేత్తో మూస్తే ఒక ఎద్దు, చెయ్యి జరిపితే ఇంకో ఎద్దు! పెద్దవాళ్లం కూడా వంతులేసుకున్నాం.

పైకప్పు బొమ్మల దగ్గర పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకున్నవాళ్లని వెతకమని పందెం పెట్టండి. ఈ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములూ అలాంటి కుళ్లాయిలతోనే కనిపిస్తారు, 16వ శతాబ్దంలో విజయనగరం కొలువులో పెద్దవాళ్ల వేషం అది. విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని చెప్పే కథ, ఆ గోడ మీద ఎర్ర మరకలు చిన్నపిల్లలున్నప్పుడు వద్దని గైడ్‌తో ముందే చెప్పుకోండి. మా పాప ఆ రాత్రి లైటు తీయనివ్వలేదు. నేలరాతిలో చెక్కిన కంచాల దగ్గరైతే ఇద్దరూ బాసింపట్లు వేసుకుని ఉత్తుత్తి భోజనాలు చేశారు. కాస్త దూరంలో ఉన్న ఏకశిల బసవన్న పొడవు అడుగులేసి కొలిచారు, వాళ్ల లెక్క అసలు లెక్క (సుమారు 27 అడుగులు) దగ్గరికి కూడా రాలేదనుకోండి, అది వేరే విషయం.

చెప్పులు బయటే వదలాలి, పదకొండు దాటితే రాళ్లు కాలిపోతాయి. అందుకే పొద్దున్నే చేరాలి. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు కాబట్టి చాలామంది ఒక్కరోజులో వెళ్లొచ్చేస్తారు, కానీ పిల్లలుంటే ముందురాత్రి దగ్గర్లో ఉండటమే మేలు. మేం హిందూపురంలో ఒక లాడ్జిలో దిగాం, గది శుభ్రంగానే ఉంది, వేణ్నీళ్లు అడిగిన ప్రతిసారీ "వస్తాయి మేడమ్" తప్ప రాలేదు. లేపాక్షిలోనే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, ఈసారైతే అక్కడే దిగుతాను, పొద్దున ప్రయాణం మిగులుతుంది. టిఫిన్ మాత్రం హిందూపురంలోనే, ఉగ్గాని బజ్జీ.

ఇంకో రోజు చేతిలో ఉంటే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి వెళ్లండి, తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు. మేకతోలుని వెలుతురు దూరేంత పలచగా శుభ్రం చేసి, ఉలితో సన్నటి రంధ్రాలు కొట్టి, రంగులేస్తారు. మేం వెళ్లిన ఇంట్లో పిల్లలకి చిన్న తోలుముక్క, కుంచె ఇచ్చి కూర్చోబెట్టారు. మావాడికి లేపాక్షి కన్నా ఇదే నచ్చింది. రెండూ ఒకే రోజులో ఇరికించొద్దు, పైగా వాళ్లు ఎగ్జిబిషన్లకి ఊళ్లు తిరుగుతుంటారు, ముందు ఫోన్ చేసి ఇంట్లో ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి.