పోకర్ మెరుగుపడాలంటే ఏది మేలు: ఫ్రీ టేబులా, సిట్ అండ్ గోనా, నోటుపుస్తకమా?

ముందు చట్టం సంగతి. పందెం పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతా అదే అమలు చేసింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆటేనని 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే చెప్పింది నిజమే గానీ, ఆన్‌లైన్ డబ్బాటకు ఆ మాట ఇప్పుడు అక్కరకు రాదు. వాట్సాప్‌లో ‘క్లబ్ చిప్స్’ అమ్మి, గెలిస్తే యూపీఐలో వెనక్కి వేస్తామనే ఏజెంట్ల వ్యవహారం కూడా పేరుకే చిప్స్, లోపలంతా పందెమే. కనుక నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి సరదాకి హోల్డెమ్ (చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలుండే పోకర్) నేర్చుకునేవారికి ఉన్నవి డబ్బు లేని దారులే. వాటిలో ఆట నిజంగా పెంచేది ఏదన్నదే ఇక్కడి లెక్క.

ఎక్కువమంది దిగేది ఫ్రీ చిప్స్ క్యాష్ టేబుల్‌లోకి (పేరుకే క్యాష్, ఎప్పుడైనా కూర్చుని ఎప్పుడైనా లేచే టేబుల్). మొదటి రెండు వారాలకు అది చాలు: ఏ చేయి ఏ చేతిని కొడుతుంది, బటన్ (పంచేవాడి గుర్తు) ఎలా తిరుగుతుంది, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలి అన్నవి వేళ్లకు అలవాటవుతాయి. ఆ తర్వాత అదే టేబుల్ ఆట పాడుచేస్తుంది. చిప్స్ అయిపోతే మళ్లీ ఉచితంగా వస్తాయి, అందుకని ఎవరూ ఫోల్డ్ చెయ్యరు, అంటే ముక్కలు వదిలెయ్యరు. పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్‌లో) సగం బెట్ పెట్టి, చేతిలో ఏమీ లేకుండా బ్లఫ్ చేస్తే, మూడింట ఒకసారి ఎదుటివాళ్లు వదిలేస్తేనే గిట్టుబాటు. నలుగురు కాల్ చేసే (బెట్‌కు సమానంగా వేసే) టేబుల్‌లో ఆ ఒకసారి రాదు. ‘రెండు ఆసులు వచ్చినా ఓడిపోయా, యాప్ మోసం’ అనే గోల పుట్టేదీ ఇక్కడే. రెండు ఆసులు ఒక్కడి మీద సుమారు 85 శాతం గెలుస్తాయి. ఏ ముక్కలతోనైనా నలుగురు రివర్ (బల్ల మీది ఐదో, చివరి ముక్క) దాకా వస్తే అది 56కి, ఐదుగురొస్తే సగానికి కాస్త కిందికి పడుతుంది. యాప్ తప్పేమీ లేదు, రైజ్ చెయ్యకుండా (బెట్ పెంచకుండా) అందరినీ లోపలికి రానిచ్చిన తప్పు అది.

రమ్మీలో చెయ్యి తిరిగినవారికి ఇక్కడ ఒక సుళువుంది. పదమూడు ముక్కల ఆటలో ముక్కలు బాగాలేకపోతే 20 పాయింట్లకు మొదటి డ్రాప్ కొట్టేస్తారు, మధ్యలో అయితే 40, లాగి లాగి ఓడితే 80. పోకర్లో బ్లైండ్ (ముక్కలు చూడకముందే కట్టాల్సిన తప్పనిసరి పందెం) కట్టని సీట్లో మొదటి డ్రాప్ ఖర్చు సున్నా. అయినా రమ్మీలో అంత జాగ్రత్తగా ఉండేవారే ఇక్కడ తొమ్మిది-నాలుగు పట్టుకుని ఫ్లాప్ (బల్ల మీద పడే మొదటి మూడు ముక్కలు) చూడ్డానికి ఎగబడతారు.

సిట్ అండ్ గో, అంటే సీట్లు నిండగానే మొదలయ్యే చిన్న టోర్నమెంట్ కథ వేరు. తొమ్మిది మంది, ఒక్కొక్కరికి 1500 చిప్స్, బ్లైండ్లు 10/20తో (చిన్నది 10, బిగ్ బ్లైండ్ 20) మొదలు, మొదటి ముగ్గురికి 50, 30, 20 శాతం అన్నది పాత పద్ధతి. యాప్‌ను బట్టి అంకెలు మారతాయి. చిప్స్ ఇక్కడా ఉచితమే, కానీ అయిపోతే ఆ ఆటకు బయటికే. ఆ ఒక్క తేడాతో జనం ఫోల్డ్ చెయ్యడం మొదలుపెడతారు. మొదటి రెండు మూడు చేతుల్లో ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేయడం) అనే పిచ్చివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లు వెళ్లేదాకా పెద్ద జతలతో తప్ప కదలకండి. అసలు పాఠం తర్వాతే. బ్లైండ్లు 75/150కి చేరితే 1500 చిప్స్ అంటే పది బిగ్ బ్లైండ్లే. అప్పుడు సగం సగం రైజ్‌లు దండగ, ఆల్ ఇన్ లేదా ఫోల్డ్. ఎవరూ కాల్ చెయ్యకపోతే మధ్యలో ఉన్న 225 మీదే, మీ స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్) 15 శాతం పెరిగినట్టు.

ఎక్కువమంది తప్పేది నలుగురు మిగిలిన చోట. అందరికీ సమాన చిప్స్ ఉన్నాయనుకోండి. బహుమతిలో ఒక్కొక్కరి వాటా విలువ 25 శాతం. మీరు ఒకరిని కొట్టి రెట్టింపైతే వాటా 50 కాదు, లెక్కవేస్తే 38.3. మొదటి స్థానం అవకాశం 50 శాతం, రెండోది 33.3, మూడోది 16.7. వాటిని 50, 30, 20 వాటాలతో గుణించి కూడితే వచ్చేది అదే. అంటే 25ను పణంగా పెట్టి 38.3 కోసం వెళ్తున్నారు, బ్లైండ్లను పక్కనపెడితే కనీసం 65 శాతం గెలుపు అవకాశం కావాలి. ఎదుటివాడు ఏ రెండు ముక్కలతోనైనా ఆల్ ఇన్ అంటున్నా, వేర్వేరు గుర్తుల ఆసు-రాజుకు వచ్చేది సరిగ్గా ఆ పాటే. వాడు కాస్త ఏరి ఆడేవాడైతే వదిలెయ్యాల్సిందే. ‘ఆసు-రాజు వదులుతారా ఎవరైనా’ అనేవారు నాలుగో స్థానంలో బయటికి పోతూనే ఉంటారు. క్యాష్ టేబుల్ ఈ పాఠం ఎన్నేళ్లయినా నేర్పదు.

అయినా ఆట అన్నిటికంటే వేగంగా పెరిగేది టేబుల్ బయట, నోటుపుస్తకంలో. ఆడిన గంటలో మిమ్మల్ని ఇరకాటంలో పెట్టిన మూడు చేతులు రాయండి: మీ సీటు, బ్లైండ్లు, ఇద్దరి స్టాకులు, ఒక్కో దశలో పాట్ ఎంత, బెట్ ఎంత. స్టాకులు రాయకపోతే ఆ చేయి పనికిరాదు, ఎందుకో చూడండి. మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, ఆఠీను తొమ్మిది. టర్న్‌లో (నాలుగో ముక్కగా) కళావరు రెండు. పాట్ 600, ఎదుటివాడి బెట్ 400. మీరు 400 వేస్తే మొత్తం 1400, కాబట్టి కావలసింది 28.6 శాతం. కనపడని ముక్కలు 46, అందులో ఫ్లష్‌కు (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) మీకు పనికొచ్చే ఇస్పేట్లు 9, అంటే 19.6 శాతమే. ఎదుటివాడి దగ్గర రాజు జత మాత్రమే ఉందనుకుని మూడు ఆసులూ కలిపినా దాదాపు 26 శాతమే. ఫ్లష్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, అది పడిన ప్రతిసారీ రివర్లో సగటున మరో 650 దాకా రాబట్టాలి. వాడి దగ్గర మిగిలింది 300 అయితే ఫోల్డ్, 3000 అయితే కాల్‌కు ఆలోచించొచ్చు.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు, ఔట్స్‌ను (మీ చేతిని గెలిపించే మిగిలిన ముక్కలను) నాలుగుతో గుణించే సూత్రాన్ని టర్న్ మీద కూడా వాడి 36 శాతం అనుకోవడం. నాలుగు ఫ్లాప్ మీద, అదీ రెండు ముక్కలూ చూడగలిగితేనే. టర్న్ మీద రెండుతోనే గుణించాలి.

తర్వాత రేంజ్ లెక్క, అంటే ఎదుటివాడి దగ్గర ఉండగల చేతుల లెక్క. గట్టిగా ఆడేవాడు మీ రైజ్ మీద మళ్లీ రైజ్ చేశాడు, మీ చేతిలో రాణుల జత. వాడి దగ్గర ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజు మాత్రమే ఉండొచ్చనుకుంటే: ఆసుల జత 6 రకాలు, రాజులు 6, మిగిలిన రాణులతో 1, ఆసు-రాజు 16. మొత్తం 29లో మిమ్మల్ని తొక్కేసేవి 12, మీరు కాస్త పైచేయిగా ఉండేవి 16. భయపడినంత ఘోరం కాదని తెలుస్తుంది. చేత్తో చేశాక విండోస్ కంప్యూటర్‌లో ఈక్విల్యాబ్ అనే ఉచిత లెక్కల ప్రోగ్రామ్‌తో సరిచూసుకోండి. కంప్యూటర్ లేకపోతే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లేలోపు కాగితం మీదే రెండు చేతులు తేల్చొచ్చు.

పయోసాల్వర్, జీటీఓ విజార్డ్ లాంటి, ఏ చేతితో ఏం చెయ్యాలో లెక్కకట్టే ప్రోగ్రామ్‌లు ఇప్పట్లో వద్దు. ఎదుటివాడూ తప్పు చెయ్యడనే లెక్కతో నడిచేవి అవి. ఫోల్డే తెలియని టేబుల్‌లో వాటి బ్లఫ్‌లు చిప్స్ పారబోయడమే.

నలుగురైదుగురు కుదిరితే ఇంట్లో పేకతో ఆడడం సిట్ అండ్ గో కంటే ఒక్క విషయంలో మేలు: చేయి అయ్యాక ముక్కలు తిప్పి, ఎందుకు కాల్ చేశావని అడగొచ్చు. చాప మీద రూపాయి ఉండకూడదు. ఆరుగురికి ఒక క్యారమ్స్ సెట్ సరిపోతుంది: తెల్లవీ నల్లవీ కలిపి 18 కాయిన్లు, మనిషికి మూడు, ఒక్కోటి 50. ఎనిమిది గవ్వలు ఐదేసి, పది చింతగింజలు ఒక్కొక్కటి. మనిషికి మొత్తం 200, బ్లైండ్లు 1/2 అయితే సరిగ్గా వంద బిగ్ బ్లైండ్లు.

వారానికి ఐదు గంటలు దొరికితే సిట్ అండ్ గోకు మూడు, నోటుపుస్తకానికి రెండు. ఫ్రీ క్యాష్ టేబుల్‌కు సున్నా. ఇరవై ఆటల్లో ఎన్నిసార్లు గెలిచారన్నది లెక్కపెట్టకండి, అంత చిన్న గుంపులో అదృష్టమే మాట్లాడుతుంది. నోటుపుస్తకంలోని చివరి పది కాల్స్‌లో పాట్ లెక్క తప్పినవి ఎన్నో చూడండి. అవి రెండు కంటే తగ్గాక నాలుగో స్థానం లెక్కలు ఇంకా లోతుగా పట్టుకోవచ్చు.