కలరా బ్యాక్టీరియాకు కొత్త జన్యువులు: ఫేజ్ దారా, పెంకు దారా?

విజయవాడ చేపల మార్కెట్లో రొయ్యలు ఒలిచి పారేసిన పెంకులు చూస్తే మనం ముక్కు మూసుకుంటాం. నదులు సముద్రంలో కలిసే మొగల్లో బతికే విబ్రియో కలరే అనే కలరా బ్యాక్టీరియాకి మాత్రం అలాంటి పెంకు జన్యువుల సంత. పెంకులోని గట్టి పదార్థమైన కైటిన్‌ తగిలితే ఈ బ్యాక్టీరియా బయటి డీఎన్ఏను లోపలికి లాక్కుంటుందని 2005లో తేలింది. పక్కవాటిని పొడిచి చంపి మరీ లాగుతుంది! కాకపోతే ఏ ముక్క దొరుకుతుందో గ్యారంటీ లేదు.

ఫేజ్, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్, దారి అలా కాదు, సరుకు ముందే ఖాయం. వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు 1996లో బయటపెట్టిన సీటీఎక్స్ ఫేజ్ తెచ్చేది కలరా విషం జన్యువులనే. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను చంపేదని అనుకుంటాం కానీ, దారంలాంటి ఈ వైరస్ చంపదు. బ్యాక్టీరియా ఒంటిమీది టీసీపీ అనే నూలుపోగుల్లాంటి వాటిని పట్టుకుని లోపలికి దూరి, క్రోమోజోములో కలిసిపోతుంది. మన పేగులో నిలదొక్కుకోవడానికి బ్యాక్టీరియాకు కావలసిందీ ఆ పోగులే. ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలే.

రకరకాల జన్యువులు పోగేయాలంటే పెంకు దారి మేలు. కలరా బ్యాక్టీరియాలో ఓ1 అనే రకం ఓ139 అనే మరో రకంగా మారడం కూడా ల్యాబ్‌లో కైటిన్ మీద చూశారు. మనిషికి టెన్షన్ పెట్టేది మాత్రం ఫేజే, నా లెక్కలో. అయినా గిరి గీయలేం. క్రోమోజోములో దాగిన సీటీఎక్స్ జన్యువులు పెంకు దారిలోనూ వేరే బ్యాక్టీరియాకు చేరగలవు.