పిల్లలకి స్పానిష్: స్కూల్ క్లాస్, ఇమ్మర్షన్, యాప్, ట్యూటర్, ఇల్లు... ఏది మేలు?

స్కూల్లో స్పానిష్ పెట్టారు కదా, ఇంట్లో మళ్ళీ మనం కూడా కూర్చోవాలా అని చాలామంది పేరెంట్స్ అడుగుతుంటారు. వారానికి రెండు మూడు పీరియడ్లే అయితే కూర్చోవాల్సిందే. అలాగని ఫోన్లో ఒక యాప్ వేసిచ్చి పిల్లాడు స్పానిష్ నేర్చేసుకుంటున్నాడు అనుకోవడం కూడా అంతే తప్పు.

ముందు మామూలు స్కూల్ క్లాస్ సంగతి. దీంట్లో ఉన్న పెద్ద లాభం వరస. సెర్ కి ఎస్తార్ కి (రెండూ ఇంగ్లిష్ 'be' కి స్పానిష్ మాటలే) తేడా, ఏ నామవాచకం ముందు ఎల్ (పుంలింగం) పెట్టాలి దేనిముందు లా (స్త్రీలింగం) పెట్టాలి, వర్బ్స్ ఎలా మారతాయి, ఇవన్నీ ఒక క్రమంలో వస్తాయి, నోట్స్ రాయిస్తారు, తప్పులు దిద్దుతారు, ఈ పని ఇంట్లో చేయడం చాలా కష్టం. లోటు ఎక్కడంటే మాట్లాడటంలో. 40 నిమిషాల పీరియడ్, 30 మంది పిల్లలు అనుకోండి, టీచర్ అసలు నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషం పైచిలుకు, దాంతో మాట రమ్మంటే ఎలా వస్తుంది? అందుకే టెస్టులో ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ఎవరైనా ఎదురుగా వచ్చి స్పానిష్ లో పలకరిస్తే బిగుసుకుపోతారు.

ఇమ్మర్షన్ స్కూల్ అంటే వేరే లెక్క. అక్కడ స్పానిష్ ఒక సబ్జెక్ట్ కాదు, లెక్కలు సైన్స్ లాంటివే స్పానిష్ లో చెప్తారు. అమెరికాలో ఇది కొత్తేం కాదు, మయామీలో కోరల్ వే స్కూల్ 1963 లోనే రెండు భాషల్లో చదువు మొదలుపెట్టింది, క్యూబా నుంచి కుటుంబాలు చాలా వచ్చిన రోజులవి. ఇప్పుడు ఎక్కువగా రెండు పద్ధతులు కనిపిస్తాయి, ఒకటి మొదట్లో 90 శాతం స్పానిష్ పెట్టి ఏటా తగ్గించుకుంటూ వచ్చేది, రెండోది మొదటినుంచీ సగం సగం. భాష రావడం ఒక్కటే చూస్తే స్కూల్ దారుల్లో దీన్ని మించింది లేదు, నా ఓటు దీనికే. కాకపోతే మొదటి కొన్ని నెలలు పిల్లలు వింటారు గానీ పెద్దగా మాట్లాడరు, ఆ మౌనం చూసి కంగారుపడి రెండో ఏడే మానిపించేస్తే పడ్డ కష్టం చాలావరకు పోయినట్టే, కాబట్టి ఐదారేళ్ళు ఉంచగలం అనుకుంటేనే చేర్పించండి.

ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిదట కదా అంటారు. సగం నిజం. బార్సిలోనాలో స్కూల్ పిల్లల ఇంగ్లిష్ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు, క్లాసు గంటలు సమానంగా ఉన్నప్పుడు చిన్నప్పుడు మొదలుపెట్టిన వాళ్ళకంటే కాస్త పెద్దయ్యాక మొదలుపెట్టిన వాళ్ళే త్వరగా ముందుకెళ్ళారు. అంటే చిన్న వయసు ఉపయోగపడేది భాష చెవిలో రోజూ బాగా పడుతున్నప్పుడే. పదకొండేళ్ళ పిల్లకి ఇప్పుడు మొదలుపెడితే లేటైపోయిందేమో అని దిగులు అక్కర్లేదు.

ఇక యాప్ కి ట్యూటర్ కి పోటీ. డ్యుయోలింగో లాంటివి పదాలు గుర్తుండటానికి బానే ఉంటాయి, రోజూ తెరిచే అలవాటు కూడా చేస్తాయి. కానీ నాలుగు ఆప్షన్లలో సరైనది నొక్కడం వేరు, ఏ ఆప్షనూ లేకుండా నోటినుంచి వాక్యం రావడం వేరు. ప్యాట్రీషియా కూల్ అనే సైంటిస్ట్ 2003 లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా మాండరిన్ వినిపించింది, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడితే ఆ శబ్దాల తేడా పట్టుకున్నారు, వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు. అది పసిపిల్లల సంగతి, ఎనిమిదేళ్ళ వాడికి అచ్చంగా వర్తించదు, పెద్ద పిల్లలు కార్టూన్లనుంచి కూడా కొంత నేర్చుకుంటారు, అయినా డబ్బు పెట్టేదుంటే నేనైతే యాప్ ప్రీమియంకి కాకుండా మనిషికే పెడతాను. ట్యూటర్ ని ఎంచుకునేటప్పుడు ఒక్క డెమో క్లాస్ పక్కన కూర్చుని చూడండి, ఎక్కువసేపు ఎవరు మాట్లాడుతున్నారు అని. ట్యూటరే అయితే ఆ డబ్బు గ్రామర్ లెక్చర్ కి పోతున్నట్టు.

మాకే స్పానిష్ రాదు ఇంట్లో ఏం చేస్తాం అంటారా, చాలా చేయొచ్చు, తెలుగు వచ్చిన వాళ్ళకి ఇంకా సులువు. స్పానిష్ లో అచ్చు శబ్దాలు ఐదే, కొన్ని రూల్స్ తెలిస్తే రాసింది రాసినట్టు చదివేయొచ్చు, హెచ్ పలకదు, జె ని గొంతులోంచి హ లాగా అనాలి, డబుల్ ఎల్ చాలాచోట్ల య లాగా పలుకుతుంది. ఇంగ్లిష్ వాళ్ళు తంటాలు పడే త, ద మనకి పుట్టుకతో వచ్చినవే, సింగిల్ ర కి గట్టి ర్ర కి తేడా కూడా మనకి వినపడుతుంది. 'నేను' అనకుండా 'వస్తాను' అంటే ఎవరో తెలిసిపోయినట్టే అక్కడా వర్బ్ చివర చూస్తే తెలుస్తుంది. మె గుస్తా అనేది ఇంగ్లిష్ లోంచి ఆలోచిస్తే తలకిందులుగా అనిపిస్తుంది, 'నాకు నచ్చుతుంది' లోంచి వస్తే సాఫీగా దిగుతుంది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది, తూ, ఉస్తెద్. సో రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఆడియో ఉన్న చిన్న బొమ్మల పుస్తకం పెట్టుకుని పిల్లలతో పాటు మీరూ పైకి చదవండి, చదివిందే మళ్ళీ చదివినా పర్లేదు, పిల్లలకి విసుగు రాదు, మీకే వస్తుంది. తప్పు మాట్లాడితే ఆపి దిద్దకుండా అదే వాక్యం సరిగ్గా మీరు ఒకసారి అనేసి ముందుకెళ్ళండి. ఇంటికి ఎవరైనా వస్తే "అంకుల్ కి స్పానిష్ లో ఏదైనా చెప్పు నాన్నా" అనడం మాత్రం దయచేసి మానేయండి, ఆ భాష మీద విరక్తి రావడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

యాస గొడవ ఒకటి. స్పెయిన్ లో చాలాచోట్ల జెడ్ ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు, లాటిన్ అమెరికాలో స అంటారు. స్కూల్ టీచర్ ఎలా అంటే అలా పోనివ్వండి, ఒకళ్ళది ఇంకొకళ్ళకి అర్థమవుతుంది.

సర్టిఫికెట్ కావాలనుకునే వాళ్ళకి స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ డెలె అనే స్పానిష్ పరీక్షల్లో 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకోసం విడిగా స్కూల్ పిల్లల పేపర్లు ఉన్నాయి, మొదటి లెవెల్ ఎ1 కి ఒకటి, దాని పై లెవెల్స్ ఎ2, బి1 కలిపి ఇంకొకటి. అంతకంటే చిన్నవాళ్ళని పరీక్షల్లోకి లాగకండి.

నా లెక్క ఇది: ఇమ్మర్షన్ దొరికితే అదే, ఇంట్లో చదవడం పక్కన ఉండాలి. దొరక్కపోతే ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఇంటి పది నిమిషాలే అసలు, స్కూల్ క్లాస్ అదనం. పదేళ్ళు దాటిన వాళ్ళకి స్కూల్ క్లాసే వెన్నెముక, దానికి వారానికి ఒకసారైనా మనిషితో మాటలు కలపాలి. ట్యూటర్ కి ఏడాదంతా పెట్టేంత డబ్బు లేకపోతే స్కూల్ నడిచే నెలల్లో ఆపేసి సెలవుల్లో పెట్టించండి, ఎందుకంటే క్లాస్ లేని ఆ వారాల్లోనే పిల్లలు ఎక్కువ మర్చిపోయేది.