మగవారి పులిపిర్లు: క్రీమా, కాల్పించడమా, నైట్రోజనా? ఏది మేలు?

చికిత్స సంగతి తరువాత, ముందు మర్మాంగం మీద లేచింది పులిపిరేనా అన్నది తేలాలి. శిశ్నం తల అంచు వెంబడి ఒకటి రెండు వరసల్లో, అన్నీ ఒకే సైజులో, నున్నగా చిన్న చిన్న బుడిపెలుంటే అది రోగం కాదు. చాలామంది మగవాళ్లకు వయసొచ్చాక అలాగే ఉంటాయి, ఎవరికీ అంటవు, వాటి జోలికి పోవద్దు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిరి గరుకుగా కాలీఫ్లవర్ ముక్కలా ఉంటుంది. ఒకచోట రెండు, ఇంకోచోట అయిదు, సైజుకు పొంతన ఉండదు. బల్లపరుపుగా, తడితడిగా, తెల్లగా ఉంటే మాత్రం సవాయి, అంటే సిఫిలిస్ అయి ఉండొచ్చు. దానికి మందే వేరు. అందుకే సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు చేయించకుండా ఏ పులిపిరినీ కాల్పించుకోవద్దు. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. చిత్తూరు వాళ్లకు జిల్లా ఆసుపత్రి ఉంది, వేలూరు కూడా దగ్గరే.

ఈ పులిపిర్లలో నూటికి తొంభై 6, 11 రకాల హెచ్‌పీవీ వల్ల వచ్చేవే. క్యాన్సర్‌కు దారితీసేవి ముఖ్యంగా 16, 18 రకాలు. కాబట్టి పులిపిరి కనబడగానే క్యాన్సర్ భయం అక్కర్లేదు. ఇంకో మాట కూడా ముందే తెలిసి ఉండాలి: కింద చెప్పే వాటిలో ఏదీ వైరస్‌ను చంపదు. కనబడే పులిపిరిని తీసేస్తుంది, మిగతాది ఒంటి రోగనిరోధక శక్తి చూసుకోవాలి. ఏ పద్ధతిలో తీసినా కొందరికి తిరగబెడుతుంది, అదీ ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. "మళ్లీ రాకుండా గ్యారంటీ" అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గరికి పోకపోవడం మంచిది. అందుకని ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, మీరు ఊరినుంచి ఎన్నిసార్లు రాగలరు, ఈ మూడూ చూసి ఎంచుకోవాలి.

పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వారం వారం బస్సెక్కి రాలేనివారికి కరెంటుతో కాల్పించడమే మేలు. మత్తు క్రీమ్ రాసి పది పదిహేను నిమిషాలాగి, సన్న సూదితో మత్తిచ్చి కాలుస్తారు. చాలావరకు ఒక్క సిటింగ్‌లో అయిపోతుంది. పులిపిరి పైచర్మంలోనే ఉంటుంది కనుక పైపైన కాలిస్తే చాలు. లోతుకు వెళ్తే మచ్చ పడుతుంది. ఆ పొగలోనూ వైరస్ ఉంటుంది, పొగను లాగే గొట్టం, మాస్కు లేని గదిలో చేయించుకోవద్దు. పుండు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా బైకు మీద దూరాలు వద్దు, అలిపిరి మెట్లెక్కే మొక్కు ఉంటే వాయిదా వేసుకోండి, చెమట, రాపిడి పుండును మాననివ్వవు. పూర్తిగా మానేదాకా కలయికా వద్దు.

ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడంలో సూది ఉండదు, పని నిమిషాల్లో అయిపోతుంది. మైనస్ 196 డిగ్రీల చల్లదనం అది. పులిపిరి చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర తెల్లబడేదాకా పట్టిస్తారు. ఒకటి రెండు రోజుల్లో బొబ్బ లేస్తుంది, తరువాత రాలిపోతుంది. అయితే వారానికో రెండు వారాలకో ఒకసారి చొప్పున మూడు నాలుగు సార్లైనా రావాలి. మన రంగు చర్మానికి ఇంకో చిక్కు, అతిగా గడ్డకట్టిస్తే అక్కడ తెల్లమచ్చ పడి నెలల తరబడి పోదు. నైట్రోజన్ ఆవిరైపోయే సరుకు, అన్ని క్లినిక్కుల్లో రోజూ ఉండదు. పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

ఎవరికీ తెలియకూడదనుకునేవాళ్లు ఇంట్లో రాసే మందునే కోరతారు. ఓపిక ఉంటే మంచిదే, కానీ సగంలో మానేసేవాళ్లే ఎక్కువ. ఇమిక్విమాడ్ 5 శాతం క్రీమ్ వారానికి మూడు రాత్రులు, సోమ, బుధ, శుక్రవారాలనుకోండి, పులిపిరి మీద పల్చగా రాసి, ఆరు నుంచి పది గంటల తరువాత సబ్బుతో కడిగేయాలి. గరిష్ఠంగా పదహారు వారాలు. చోటు ఎర్రబడి మండితే మందు పనిచేస్తోందనే అర్థం. పుండు పడితే కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ముందోలు లోపల రాస్తే వాచి తోలు బిగుసుకునే ప్రమాదముంది. క్రీమ్ ఉండగా కలవకూడదు, అది కండోమ్ రబ్బరును పాడుచేస్తుంది. 25 డిగ్రీలకు మించని చోట దాచాలి. తిరుపతి మే నెల ఎండల్లో బైకు డిక్కీలో పెట్టిన ప్యాకెట్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పోడోఫిలోటాక్సిన్ ద్రావణం ఇంకాస్త త్వరగా పనిచేస్తుంది: రోజుకు రెండుసార్లు మూడు రోజులు, తరువాత నాలుగు రోజులు విరామం, ఇలా నాలుగు విడతల దాకా. చుట్టూ వాసెలిన్ పూసి, పులిపిరికి మాత్రమే అంటించాలి. పాతకాలపు పోడోఫిలిన్ వేరు. అది డాక్టరే పూసి, ఒకటి నుంచి నాలుగు గంటల్లో కడిగేయమంటారు. మరిచిపోయి రాత్రంతా ఉంచుకుంటే చర్మం కాలిపోతుంది.

సున్నం, చాకలి సోడా, జీడిగింజ రసం, ఆనెలకు అంటించే పట్టీ, ఇవేవీ అక్కడ వాడొద్దు. మెడికల్ షాపులో గజ్జికని ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు మరీ చేటు, అక్కడి చర్మం రోగనిరోధక శక్తిని తగ్గించి పులిపిర్లు పెరగనిస్తుంది. పులిపిర్లున్నప్పుడు బ్లేడుతో గీయడం కూడా అంతే, గాట్ల వెంట కొత్తవి లేస్తాయి.

పొడిచర్మం మీద నాలుగైదుంటే కాల్చినా గడ్డకట్టించినా ఒకటే. ముందోలు కింద చిన్నవి గుంపుగా ఉంటే డాక్టరు వారం వారం చుక్కలుగా పెట్టే టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్) ఆమ్లం నయం. ఎక్కువగా, పెద్దగా ఉంటే ముందు కాల్పించి, పుండు మానాక మళ్లీ మొలిచే వాటికి ఇమిక్విమాడ్ వాడటం మా లెక్కన అన్నిటికన్నా మేలు. మూత్రద్వారంలో ఉన్నవాటికి, మలద్వారం చుట్టూ ఉన్నవాటికి సొంత వైద్యం పనికిరాదు.

ఇక అంటుకోవడం గురించి. ఇది చర్మానికి చర్మం తగిలి వచ్చేది, కండోమ్ కప్పని మొదలు నుంచీ వృషణాల సంచి నుంచీ కూడా అంటుతుంది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. వైరస్ సోకిన మూడు వారాల నుంచి ఎనిమిది నెలల్లో పులిపిరి లేవొచ్చు, కొందరికి ఏళ్ల తరువాత లేస్తుంది. కాబట్టి భార్య నుంచి వచ్చిందా, భర్త నుంచి వచ్చిందా అన్న పంచాయితీ తెగదు. ముప్పై దాటిన భార్యకు గర్భాశయ ముఖద్వార పరీక్ష మాత్రం చేయించండి, అది మీ పులిపిర్లతో నిమిత్తం లేకుండా అందరికీ అవసరమే. మగవారికి హెచ్‌పీవీ సోకిందో లేదో చెప్పే ఆమోదిత పరీక్ష లేదు, ల్యాబ్ ప్యాకేజీలకు డబ్బు పోయొద్దు.

టీకా ఉన్న పులిపిరిని పోగొట్టదు, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్ 6, 11, 16, 18 రకాలకు పనిచేస్తుంది, మన దేశంలో 9 నుంచి 26 ఏళ్ల మగపిల్లలకూ వేయొచ్చు. పద్నాలుగేళ్ల దాకా ఆరు నెలల తేడాతో రెండు డోసులు, పదిహేను నుంచి అయితే సున్నా, రెండు, ఆరు నెలల్లో మూడు. గార్డసిల్ 9 మరో అయిదు రకాలను కూడా అడ్డుకుంటుంది కానీ ఖరీదు చాలా ఎక్కువ. పులిపిర్ల వరకే అయితే 6, 11 రెండింటిలోనూ ఉన్నాయి, సెర్వావాక్ చాలు.